థియేటర్ ఆర్ట్స్ పీజీకి ఆరు లక్షలు అప్పు చేయొచ్చా? తెలిసినవాళ్లు లెక్క చెప్పండి

తంగేడుపువ్వు (చీమకుర్తి)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్లు, బీఎస్సీ కంప్యూటర్స్ ఈ ఏడాదే అయిపోయింది. ఇంటర్ నుంచి ఒంగోల్లో ఒక నాటక సమాజంతో కలిసి పరిషత్తు (నాటక పోటీల) నాటికలు ఆడుతున్నాను. ఇప్పటికి తొమ్మిది నాటికల్లో వేషం వేశాను. రెండుసార్లు ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

బెంగళూరు దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో థియేటర్ పీజీకి సీటు వచ్చింది. రెండేళ్లు. ఏడాదికి ఫీజు 2,10,000, హాస్టలూ తిండీ 90,000. అంటే మొత్తం ఆరు లక్షలు. పన్నెండు రోజుల్లో 25,000 కట్టి సీటు ఖాయం చేసుకోమన్నారు.

నాన్న గ్రానైటు పాలిషింగ్ ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు, నెలకు 24,000. అమ్మ బట్టలు కుడుతుంది. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో ఉన్నదల్లా అమ్మ ఆరు సవర్ల బంగారం. బ్యాంకు లోను పెడదామని నాన్న అంటున్నాడు. మేనమామలేమో ఎంసీఏ చెయ్యమంటున్నారు.

నాకు ధైర్యం చెప్పొద్దు. డబ్బు సంగతి చెప్పండి. ఈ చదువు చదివినవాళ్లకు నెలకు ఎంత వస్తుంది, ఆ అప్పు తీరుతుందా?

---

కొత్తపట్నం కెరటం (ఒంగోలు)
ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, మీ మేనమామల మాట వినండి. నాటకం ఎక్కడికీ పోదు. ఎంసీఏ చేసి ఉద్యోగంలో కుదురుకున్నాక శనాదివారాలు ఆడుకోవచ్చు. 24,000 జీతగాడు ఆరు లక్షల అప్పు నెత్తిన పెట్టుకుంటే ఇంటర్ చదివే మీ తమ్ముడి సంగతేంటి? నాకూ ఇద్దరు పిల్లలు, ఆ బాధ తెలిసి చెబుతున్నాను.

---

పాత లెడ్జరు (నెల్లూరు)
ఆదివారం, రాత్రి 10:50

31 ఏళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. అందులో ఆరేళ్లు లోన్ల సీటులోనే. వేసుకోవాల్సిన లెక్క ఇది, పాపా.

చాలా బ్యాంకులు పాటించే పద్ధతిలో 4 లక్షల దాకా హామీ, తనఖా అడగరు. అది దాటితే 7.5 లక్షల దాకా మూడో మనిషి హామీ సంతకం అడుగుతారు, 5 శాతం మీరు చేతి నుంచి పెట్టుకోవాలి. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది, వాయిదాలు ఉండవు. చాలామంది ఇక్కడే పొరపడతారు. ఆగేది వాయిదాలే, వడ్డీ ఆగదు. మొదటి రూపాయి ఇచ్చిన రోజు నుంచే నడుస్తుంది.

వడ్డీ 11 శాతం అనుకుందాం. మొదటి ఏడాది 3 లక్షలు, రెండో ఏడాది 3 లక్షలు తీసుకుంటావు. మొదటి మూడు లక్షల మీద మూడేళ్ల వడ్డీ 99,000. రెండో మూడు లక్షల మీద రెండేళ్లకు 66,000. మధ్యలో వడ్డీ కట్టుకోకపోతే ఇదంతా అసల్లో కలుస్తుంది. నువ్వు తీర్చడం మొదలుపెట్టే రోజుకు అప్పు ఆరు లక్షలు కాదు, 7,65,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,500. పదేళ్లలో మొత్తం కట్టేది పన్నెండున్నర లక్షలు దాటుతుంది.

వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని చెబుతారు. అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. పైగా పన్ను కట్టేంత జీతం ఉన్నవాడికే దానివల్ల లాభం.

2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి పథకం వచ్చింది. దాని కింద తనఖా గానీ హామీ గానీ అక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా రుణానికి ఆ వాయిదాల్లేని కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. కాకపోతే అది ర్యాంకింగుల్లో ముందున్న సంస్థలకే. నీకు సీటిచ్చిన చోటు ఆ జాబితాలో ఉందేమో ముందు చూసుకో.

---

తెరవెనక (స్వస్థలం ఒంగోలు, ప్రస్తుతం హైదరాబాదు)
సోమవారం, ఉదయం 6:30

చెల్లెమ్మా, నేను ఈ చదువు చదివినవాణ్ణే. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్‌లో 2014 నుంచి 2016 దాకా ఎంపీఏ (ప్రదర్శన కళల పీజీ) చేశాను. ఫీజూ మెస్సూ కలిపి రెండేళ్లకు లక్ష లోపే అయింది. అప్పు చేయలేదు. నా బతుకును నిలబెట్టింది అదేనని ఇప్పటికీ అనుకుంటాను.

నెలకు ఎంతని అడిగావు కదా, దాచకుండా చెబుతాను. 2016లో ఒక స్కూల్లో డ్రామా టీచరుగా చేరినప్పుడు 18,000. ఇప్పుడు వేరే స్కూల్లో 34,000. వేసవిలో పిల్లల శిబిరాలు పెడితే రెండు నెలల్లో 60,000 దాకా మిగులుతుంది. ఆకాశవాణి డ్రామా ఆడిషన్‌లో పాసయ్యాను, అప్పుడప్పుడూ రేడియో నాటకాలకు పిలుస్తారు. నటుడిగా రంగస్థలం మీద నాకు వచ్చింది ఏ సంవత్సరమూ 20,000 దాటలేదు.

మా బ్యాచ్‌లో పదకొండు మందిమి. ముగ్గురు స్కూళ్లలో ఉన్నారు. ఒకడు లైటింగు చేస్తాడు, మా అందరిలోకీ స్థిరంగా సంపాదించేది వాడే. నాటకాల్లేని రోజుల్లో పెళ్లిళ్లకూ కాలేజీ వేడుకలకూ దీపాలు పెడతాడు. ఒకమ్మాయి కాస్ట్యూమ్స్‌లోకి వెళ్లింది. ఇద్దరు సినిమాల్లో సహాయ దర్శకులు. ఒకతను యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుని పీహెచ్‌డీ చేస్తున్నాడు, నెలకు 37,000 వస్తుంది. నెట్‌లో మన సబ్జెక్టు కోడ్ 65. మిగతావాళ్లు వేరే ఉద్యోగాలకు మళ్లారు.

నటన ఒక్కటే నేర్చుకుని బయటకొచ్చిన వాళ్లకంటే, నటనతోపాటు చేతిపని ఒకటి పట్టుకున్నవాళ్లకు నయంగా ఉంది. ఎక్కడ చదివినా ఈ మాట మనసులో పెట్టుకో.

అసలు నీకు సీటు బెంగళూరులోనే ఎందుకు? సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాదులో తెలుగు యూనివర్సిటీ, మనకు దక్షిణాన పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీ. ఇన్నిచోట్ల రంగస్థల విభాగాలున్నాయి. ఒక్కదానికైనా దరఖాస్తు పెట్టావా?

---

తంగేడుపువ్వు (చీమకుర్తి)
సోమవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, పెట్టలేదు. డిగ్రీ పరీక్షలూ నాటిక రిహార్సల్సూ ఒకేసారి వచ్చి తేదీలు దాటిపోయాయి. ఈ ప్రైవేటు వాళ్లు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేసి వారంలో సీటు ఇచ్చేశారు.

లెడ్జరు బాబాయి గారూ, జాబితా చూశాను. అందులో వాళ్ల పేరు లేదు. 7,65,000 అన్న అంకె నాన్నకు చూపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అప్పు నాది, చదువు నీది. నువ్వు లెక్కలు వెయ్యబాక" అన్నాడు. పోయిన ఏడాది ఒంగోల్లో నా నాటికకు డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. తలనిండా రాతిపొడి, వెనక వరసలో నిలబడే చూశాడు. ఆ రోజు నుంచీ ఆయనకు ఇదే పట్టుదల.

---

మల్లెమొగ్గ (కావలి)
సోమవారం, రాత్రి 11:20

"అప్పు నాది" అని మా నాన్న కూడా అన్నాడు. అందుకే రాస్తున్నాను. ఇంతవరకు ఎక్కడా చెప్పుకోలేదు.

2017లో హైదరాబాదులో ఒక ప్రైవేటు నటనా విద్యాలయంలో చేరాను. పేరు చెప్పను. రెండేళ్ల కోర్సుకు ఐదు లక్షలు లోను. చదువు చెప్పలేదని అనలేను. గొంతు, నడక, చూపు, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. చివర్లో అవకాశాలు చూపిస్తామన్నారు. చూపించింది రెండు ఆడిషన్లు.

2019లో బయటకొచ్చాను. కృష్ణానగర్‌లో ముగ్గురం కలిసి గది. సీరియల్లో చిన్న వేషానికి రోజుకు 1,500, ఒక్కోసారి 2,000. నెలకు ఐదారు రోజులు దొరికితే గొప్ప. ఆ డబ్బు చేతికి వచ్చేది రెండు మూడు నెలల తర్వాత. ఫోటోలకూ బట్టలకూ ఆటోలకూ మాత్రం అప్పటికప్పుడు కావాలి. ఏడాది గడిచి వాయిదాలు మొదలయ్యే వేళకు కరోనా వచ్చింది. షూటింగులు లేవు, నాటకాలు లేవు. 2020 ఆగస్టు దాకా ఆర్బీఐ మారటోరియం ఇచ్చింది, అంటే వాయిదాలు ఆపుకోవచ్చంది. ఆ నెలల వడ్డీ కూడా అప్పులోకే చేరింది. నెలకు 8,700 కట్టాలి. నా చేతికి వచ్చేది కొన్ని నెలలు 9,000, కొన్ని నెలలు సున్నా.

మూడు వాయిదాలు తప్పాయి. తొంభై రోజులు దాటితే మొండి బాకీ కింద రాసేస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. నాన్న సహ రుణగ్రహీతగా సంతకం చేశాడు కాబట్టి ఆయన సిబిల్ స్కోరు కూడా పడిపోయింది. ఆ ఏడు ఇంటి పైకప్పుకు లోను అడగబోతే కాదన్నారు. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు కావల్లో పిల్లలకు నాట్యం, నటన చెబుతున్నాను. పరిషత్తుల్లో స్త్రీ పాత్రలకు పిలుస్తారు, నాటికకు రిహార్సల్సుతో కలిపి 4,000 నుంచి 6,000. ఇంకా రెండు లక్షల ఎనభై వేలు బాకీ ఉంది. నాటకం వదలలేదు, వదలను. ఆ చదువు చదివినందుకు ఏ రోజూ బాధపడలేదు. ఆ అప్పుకు మాత్రం రోజూ బాధపడుతున్నాను.

మీ నాన్న మంచివాడు. అయినా అప్పు ఆయనది కాదమ్మా. ఇద్దరిదీ.

---

కొత్తపట్నం కెరటం (ఒంగోలు)
మంగళవారం, ఉదయం 7:10

మల్లెమొగ్గ గారూ, చదివి మనసు కలతపడింది. నిన్న ఎంసీఏ అని తేలిగ్గా అనేశాను. నిజం చెప్పాలంటే మా పెద్దవాడి బీటెక్‌కు మూడున్నర లక్షలు లోను తీసుకున్నాం. ఏడాదిన్నర ఖాళీగా ఉండి, ఇప్పుడు 22,000కి చేస్తున్నాడు. ఇంజనీరింగ్ అప్పు మంచిదనీ నాటకం అప్పు చెడ్డదనీ అనుకునేవాణ్ణి. అలా అనడానికి లేదు.

---

సంగం ఆనకట్ట (సొంతూరు సంగం, ప్రస్తుతం న్యూజెర్సీ)
మంగళవారం, సాయంత్రం 6:45

ఇదే లెక్కను ఇక్కడ అమెరికా ప్రభుత్వం ఒకప్పుడు కాలేజీలకే వేసింది. చదువు ముగించినవాళ్ల ఏడాది వాయిదాలు వాళ్ల ఏడాది సంపాదనలో 8 శాతం లోపుంటే ఆ కోర్సు పాసు, 12 శాతం దాటితే ఫెయిలు. ఖర్చులు పోను మిగిలే ఆదాయంతో పోల్చే కొలత ఇంకోటి కూడా ఉంది. అందులో ఫెయిలైన వాటిలో హార్వర్డుకు చెందిన అమెరికన్ రెపర్టరీ థియేటర్ శిక్షణ సంస్థ ఒకటి. అక్కడ రెండేళ్ల నటన కోర్సు చేసినవాళ్ల అప్పు సుమారు 78,000 డాలర్లు, సంపాదన ఏడాదికి 36,000 డాలర్ల దరిదాపుల్లో. 2017లో మూడేళ్లపాటు కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. అక్కడి అధ్యాపకులు గొప్పవాళ్లు కాదని కాదు. ఆ సంపాదనతో ఆ అప్పు తీరదని తేలింది, అంతే.

2021లో యేల్ నాటక విద్యాలయానికి హాలీవుడ్ నిర్మాత డేవిడ్ గెఫెన్ 150 మిలియన్ డాలర్లు ఇచ్చాడు. అప్పటి నుంచి అక్కడ పూర్తికాలం చదివేవాళ్లకు ఫీజు లేదు. అంత పేరున్న చోట కూడా నాటకం చదివేవాడి నెత్తిన ఫీజు పెట్టకూడదనే నిర్ణయానికి వచ్చారు.

ఆ కొలతతో మన అమ్మాయి సంగతి చూశాను. నెలకు 10,500 అంటే ఏడాదికి 1,26,000. అది 8 శాతం కావాలంటే ఏడాదికి 15.75 లక్షలు సంపాదించాలి. 12 శాతానికైనా పదిన్నర లక్షలు కావాలి. తెరవెనక గారు ఎనిమిదేళ్లకు పైగా పనిచేసి నెలకు 34,000 దగ్గరున్నారు.

---

పెన్నగట్టు (కోవూరు)
మంగళవారం, రాత్రి 10:30

అమ్మా, నేను పద్యనాటకాల్లో హార్మోనిస్టుని. నలభై ఏళ్లుగా పెట్టె మీద చేతులాడిస్తుండా. మా మనవరాలు టైపు చేసి పెడతా ఉంది.

మా కాలంలో ఈ చదువుకు డిగ్రీలు లేవు. తిరునాళ్లకీ శివరాత్రికీ శ్రీరామనవమికీ కాంట్రాక్టరు పిలిస్తే పోయేది. రాత్రి పదికి మొదలుపెడితే తెల్లారేదాకా. హరిశ్చంద్రుడికి ఇంత, నాకు ఇంత అని ముందే మాట్లాడుకునేవాళ్లం. ఆడవేషం కట్టే అమ్మకు నాకంటే ఎక్కువే ఇచ్చేవాళ్లు, ఎందుకంటే ఆ అమ్మ రాకపోతే నాటకమే లేదు. నాలుగు నెలలు చేతినిండా పని. వానాకాలం వచ్చిందంటే ఖాళీ. రెండెకరాలు వరి ఉండబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగింది. ఒట్టి పెట్టెనే నమ్ముకున్న మా గురువు ఆఖర్న మందులకు ఇబ్బంది పడిపోయినాడు. నా కళ్లతో చూసినా.

మన నెల్లూరు నాటకానికి పాత ఇల్లు. వేదం వేంకటరాయశాస్త్రి గారి నాటకాలు ఆడిన ఆంధ్ర భాషాభిమాని సమాజం ఈడిదే. మీ ఒంగోలు వైపు ప్రకాశం పంతులు గారు చిన్నప్పుడు వేషాలు కట్టిన మనిషే, తర్వాత బారిస్టరు. పేరుమోసిన నటుడు బళ్లారి రాఘవ గారు వకీలు. అంత పెద్దోళ్లు కూడా అన్నం ఇంకో చోట సంపాదించుకుని, ప్రాణం నాటకానికి పెట్టినారు. అది తక్కువ ప్రేమ అని ఎవురంటారు?

నీకు అన్నం నాటకంలోనే కావాలంటే నేను కాదనను. కాలం మారింది, బడుల్లో టీచర్లను పెడుతుండారంట. బాకీతో మాత్రం మొదలుపెట్టొద్దు తల్లీ. బాకీ ఉంటే వచ్చిన ప్రతి వేషానికీ తలూపాల్సి వస్తుంది. అమ్మ బంగారం జోలికి అసలు పోబాక.

---

తెరవెనక (హైదరాబాదు)
మంగళవారం, రాత్రి 11:05

పెన్నగట్టు గారు చివర్లో అన్నది నా అనుభవం కూడా. అప్పు లేదు కాబట్టే మొదటి రెండేళ్లు 18,000 జీతంతో, సాయంత్రాలు నాకు నచ్చిన నాటకానికి ఇవ్వగలిగాను. మా క్లాసులో నాకంటే బాగా నటించినవాడు ఇంటి బాకీల వల్ల ఆర్నెల్లలో కాల్‌సెంటరుకు వెళ్లాడు, మళ్లీ వేదిక ఎక్కలేదు.

చెల్లెమ్మా, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా సంగతి కూడా తెలుసుకో. మూడేళ్ల కోర్సు. చేరిన విద్యార్థులకు నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. డిగ్రీ ఉండాలి, కనీసం ఆరు నాటకాల్లో పనిచేసి ఉండాలి, హిందీ, ఇంగ్లిషు కొంతైనా రావాలి. నీకు తొమ్మిది ఉన్నాయి. దేశం మొత్తానికీ ముప్ఫై చిల్లర సీట్లే, కష్టమే. కష్టమని దరఖాస్తు పెట్టడం మానకు.

18 నుంచి 25 ఏళ్ల కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ రెండేళ్లపాటు నెలకు 5,000 స్కాలర్‌షిప్ ఇస్తుంది. నాటకం కూడా అందులో ఉంది.

ఆ ప్రైవేటు వాళ్లకు ఒకసారి ఫోన్ చెయ్యి. గత మూడేళ్లలో చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు, వాళ్లలో ఇద్దరితో మాట్లాడవచ్చా అని అడుగు. ఏం చెబుతారో విను.

---

తంగేడుపువ్వు (చీమకుర్తి)
శుక్రవారం, రాత్రి 8:50

మూడు రోజులుగా రాయలేకపోయాను, క్షమించండి.

ఫోన్ చేశాను. "మా విద్యార్థులు దేశమంతటా ఉన్నారు" అన్నారు. ఎక్కడ, ఏం చేస్తున్నారని అడిగితే ఈమెయిల్ పంపిస్తామన్నారు. ఇద్దరి నంబర్లు అడిగితే నిబంధనలు ఒప్పుకోవన్నారు. వచ్చిన ఈమెయిల్లో 25,000 కట్టడానికి లింకు ఒక్కటే ఉంది.

నిన్న రాత్రి మల్లెమొగ్గ అక్క రాసింది నాన్నకు చదివి వినిపించాను. పైకప్పు లోను దగ్గరికి వచ్చేసరికి లేచి బయటికి వెళ్లాడు. వచ్చాక "ఆ పాప ఇంకా వేషాలు కడతాందా?" అని ఒక్కటే అడిగాడు. కడుతుందని చెప్పాను. "అయితే సరే, ఏడాది ఆగుదాం" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున బీరువాలో బంగారం డబ్బా మళ్లీ కిందికి, చీరల అడుగుకు చేరింది.

సీటు వదిలేశాను. మా కాలేజీ దగ్గర కంప్యూటర్ సెంటర్లో 9,000కి చెప్పడానికి ఒప్పుకున్నాను. సాయంత్రాలు రిహార్సల్సుకు పోవచ్చు. వచ్చే ఏడాదికి సెంట్రల్ యూనివర్సిటీ, పాండిచ్చేరి, విశాఖ, ఢిల్లీ, నాలుగింటికీ పెడతాను. మనసులో దిగులు లేదని చెప్పను. నాతోపాటే సీటు వచ్చిన ఇంకో అమ్మాయి చేరిపోయిందని ఇవాళే తెలిసింది.

ఒక్క సాయం కావాలి. ప్రవేశాలప్పుడు ప్రాక్టికల్‌లో ఒంటరిగా ఒక సన్నివేశం చేసి చూపించాలంటున్నారు. నేనెప్పుడూ పదిమంది మధ్యే ఆడాను. నా గొంతు విని, తప్పులు మొహమాటం లేకుండా చెప్పేవాళ్లు మన వైపు ఎవరైనా ఉన్నారా?

---

పాత లెడ్జరు (నెల్లూరు)
శుక్రవారం, రాత్రి 9:15

ఆ 9,000లో నెలకు 3,000 పోస్టాఫీసు ఆర్డీలో వెయ్యి పాపా. ఏడాదికి 36,000. ప్రభుత్వ యూనివర్సిటీలో మొదటి ఏడాది ఫీజుకు చాలావరకు సరిపోతుంది.

---

మల్లెమొగ్గ (కావలి)
శుక్రవారం, రాత్రి 9:40

ఆదివారం రా. ఒంగోల్లో పినాకిని ఎక్కితే పొద్దున్నే కావల్లో దిగుతావు, స్టేషనుకు నేనే వస్తాను. అమ్మను కూడా తీసుకురా, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఏ సన్నివేశం చేస్తావో ఇప్పుడే చెప్పొద్దు. నేరుగా చూస్తాను.

---

పెన్నగట్టు (కోవూరు)
శుక్రవారం, రాత్రి 10:10

కావలి నాకు దగ్గరే. పెట్టె ఎత్తుకుని నేనూ వస్తుండా. తల్లీ, ఒక పద్యం కంఠతా పట్టుకుని రా. రాగం సంగతి ఆడ చూద్దాం.